నాటి భరిణె – నేటి పెట్టె



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. 35 ఏండ్లు పల్లెటూరి పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న పండితుడు, బాల్యమున అమరమును వల్లించినవాడు, స్త్రీలు ముఖమునకును కన్నులకును చేతులకును పెట్టుకొను రంగులను గూర్చి ప్రసంగించుట యేమని మీ సందేహము. సందేహము న్యాయమే. కాని యొక్కమాట ఆలోచింపుడు. ఇంటిలో ఎవరు ఏ రంగు పెట్టుకొనవచ్చునో, ఎవరు పెట్టుకొనరాదో ఇంతకాలము తీర్పు చెప్పుచు వచ్చినవారము మనమే. తీర్పు చెప్పువానికి వస్తుజ్ఞానము ఉండవలెను గదా! నాకు అది లేకయే బహుకాలము తీర్పులు చెప్పితిని. ఆ సంగతి మీకు విన్నవించుటకే వచ్చితిని.

మన పూర్వులు ఈ విషయమును తేలికగా చూడలేదు. అమరసింహుడు తన కోశమున అలంకారమునకు ప్రసాధనము, నేపథ్యము మున్నగు పేరులు కూర్చినాడు. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి యను అధ్యాయమునే వ్రాసినాడు. గ్రహములను, వర్షములను గూర్చి చెప్పిన ఆ మహానుభావుడు తలంటునకును స్నానమునకును పరిమళములు కూర్చు విధము చెప్పుటకు సిగ్గుపడలేదు. ఇక నేనేల సిగ్గుపడవలెను?

మా యింటి నడవలో, గోడగూటియందు మా తల్లిగారి కొయ్య భరిణె యుండెడిది. మూతకు లక్కపూత, లోపల మూడు గదులు. ఒకదానిలో పసుపు, ఒకదానిలో కుంకుమ, మూడవదానిలో చిన్న కాటుకకాయ. ఆమె నిత్యాలంకారమంతయు ఆ మూడుగదులలోనే యిమిడియుండెను. తెల్లవారుజామున స్నానముచేసి, తడిచేతితో పసుపు రాచుకొని, ఉంగరపువ్రేలితో బొట్టు దిద్దుకొనునంతలో తూర్పు తెల్లవారెడిది. అద్దము చూచుకొనుట నేను ఎన్నడును ఎరుగను. చేయి తనంతట తానే నుదుట నడుమకు పోయెడిది.

ఆ కుంకుమ అంగడినుండి వచ్చినది కాదు. చలికాలమున మంచి పసుపుకొమ్ములను తెచ్చి, ముక్కలుగా కొట్టి, నిమ్మరసములో వెలిగారమును పటికను కరగించి, ఆ రసమున ముక్కలను నానవేసెడిది. పచ్చని ముక్క క్రమముగా ఎఱ్ఱబడును. నీడపట్టున ఎండించి, రోట దంచి, పలుచని గుడ్డతో వస్త్రగాలితము పట్టి, ఒకింత నేయి చేర్చి భరిణెలో నింపును. రోకలి పట్టుటకు నేనును సాయము పోయెడివాడను. ఆ దినములలో నా గోళ్లు, నా అంగీ, నా పలక, అన్నియు ఎఱ్ఱనివే.

పసుపు ఎఱ్ఱబారుటలోని మర్మమును పిమ్మట నేను పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయునియొద్ద తెలిసికొంటిని. పసుపునకు రంగునిచ్చు పదార్థమును 1815లో ఐరోపా రసాయనశాస్త్రజ్ఞులు వేరుచేసి కర్క్యుమిన్ అని పేరిడిరి. అది క్షారము తగిలిన వెంటనే ఎఱ్ఱబడును. పెండ్లికూతురి పాదములకు పసుపు సున్నము కలిపి పారాణి పెట్టునప్పుడు జరుగునది ఇదియే. వెలిగారముతోను పులుపుతోను కలిసినప్పుడు మరియొక విధమున ఎఱ్ఱబడును. మా తల్లిగారు అక్షరములు కూడబలుకుకొని చదువగలిగినదే గాని రసాయనశాస్త్రము పేరైనను వినలేదు. అయినను ఆమె చేతిలో ఆ శాస్త్రము తప్పలేదు.

ఇక కాటుక. ఆముదపు ప్రమిదపై ఇత్తడిపళ్లెము బోర్లించి రాత్రియెల్ల వెలిగించిన, తెల్లవారునప్పటికి పళ్లెమునకు మసి పట్టును. దానిని గీకి, వెన్నయో ఆముదమో చేర్చి నూరుదురు. ఆషాఢము వచ్చినదా, గోరింటాకు రుబ్బుట. ఆ యాకులో లాసోన్ అను రంగుపదార్థము కలదు. అది చర్మమునందలి మాంసకృత్తుతో పెనవేసికొనును. అందుచేతనే తొలుత నారింజవర్ణమున కనబడి మరునాటికి ఎఱ్ఱగా పండును. పైచర్మము క్రమముగా రాలి క్రొత్తది వచ్చుచుండును గావున రెండుమూడు వారములలో అరచేతిరంగు వెలయును. గోళ్లకు అంటినది గోరు పెరిగి పోవువరకు నిలుచును. ఎవరి చేయి బాగుగా పండినదో చూచుకొని ఆడపిల్లలు మురిసిపోవుట మీ యిండ్లలోను చూచియుందురు.

ఇది నాటి భరిణె కథ. ఇక నేటి పెట్టె.

నా పెద్దకుమార్తె బిడ్డ పట్టణమున కళాశాలలో చదువుచున్నది. సెలవులకు మాయింటికి వచ్చునప్పుడు ఒక జిప్పు పెట్టె వెంట తెచ్చును. ఒకనాడు వసారాలో చాపపై దానిని విప్పి కూర్చుండెను. నేను లెక్కించితిని: 14 వస్తువులు! కన్నులకు నెమలికంఠపు నీలి పెన్సిలు, దానిమ్మగింజ చాయ గల లిప్‌స్టిక్కు, ఇటుకపొడి చాయదొకటి, గోళ్లకు అయిదు రంగుల పాలిష్, రెప్పలపై అద్దుకొను మెరుపుపొడి, మరి యేమేమో. దినమునకొక రంగు. సోమవారము నీలము, మంగళవారము బంతిపూవు వన్నె. నాకు కోపము వచ్చినది.

“అమ్మాయీ! ఇది ముఖమా, సంక్రాంతి ముగ్గా?” అంటిని.

అది నొచ్చుకొనలేదు. “ముగ్గు దినము వేయుట లేదా తాతయ్యా? వాకిటికి పనికివచ్చినది ముఖమునకు పనికిరాదా?” అని నవ్వెను.

నాకు జవాబు తోచలేదు. జవాబు తోచని ఉపాధ్యాయుడు చేయు పని మీకు తెలిసినదే: పుస్తకము చూపుమనును. నేనును అట్లే, “ఇందులో ఏయే విషములు కలిపిరో చదివి వినిపింపుము” అంటిని. అది డబ్బాలను నా చేతికే ఇచ్చి, నా కండ్లజోడు తెచ్చిపెట్టెను. చీమతలలంత అక్షరములు. ఒక్కొక్కపేరు చదువుట, అది తన ఫోనులో అర్థము వెదకి చెప్పుట. మధ్యాహ్నమెల్ల ఇదియే పని.

అయ్యలారా! నేను విస్తుపోతిని. లిప్‌స్టిక్కులో ముఖ్యద్రవ్యములలో ఒకటి ఏది? ఆముదము! మహబూబునగరము, నల్లగొండ మెట్టపొలములలో పండు ఆముదపుగింజల నూనె. దానిని గట్టిపరచునది మైనము. ఇటుకచాయకు ఇనుపత్రుప్పు, అనగా మన జేగురుమంటికి రంగునిచ్చు పదార్థమే. రెప్పలపై మెరయునది అభ్రకము. నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతమున గనులు త్రవ్వి తీసిన అభ్రకము లోకప్రసిద్ధము గదా. ఒక ఎఱుపునకు మెక్సికో, పెరూ దేశములలో నాగజెముడు జాతి మొక్కలపై బ్రతుకు పురుగులనుండి తీసిన రంగట. పురుగా అని నేను ముఖము చిట్లించితిని. మరుక్షణమే మన లత్తుకయు లక్కపురుగునుండి పుట్టినదే యని జ్ఞప్తికి వచ్చి మిన్నకుంటిని.

ఒక డబ్బాపై లాక్మే యని యుండెను. 1952లో టాటావారు నెలకొల్పిన వ్యాపారమిది. 1883లో ఫ్రెంచివారు ప్రదర్శించిన యొక సంగీతనాటకమున నాయిక పేరు అది. లక్ష్మి యను మన శబ్దమే వారి నోట లాక్మే యైనది. మన లక్ష్మి పారిసునగరమునకు పోయి, పేరు మార్చుకొని, మన యింటికే తిరిగివచ్చినదన్నమాట. పండితునకు ఇంతకంటె ఏమి కావలెను? నా కోపము సగము అక్కడనే చల్లారినది.

“దినమునకొక రంగేల తల్లీ? ఎవరు చూచుటకు?” అని యడిగితిని.

“ఎవరు చూచుటకును కాదు తాతయ్యా. పొద్దున మబ్బుగా ఉన్నదనుకో, ఈ బంతిరంగు పెట్టుకొన్నచో నాకే హుషారుగా ఉండును. ఇది పెదవికిని చెక్కిలికిని ఒక్కటే పనికివచ్చును. అందుకే దీనిపై నాకు ఇష్టము” అని యొక చిన్న డబ్బా చూపెను. మా తల్లిగారు అద్దములేకయే బొట్టు దిద్దుకొన్నది జ్ఞప్తికి వచ్చినది. ఆమెయు ఎవరు చూచుటకు దిద్దుకొన్నది? ఆ వేళకు ఇంట ఎవరును లేచియుండెడివారు కారు.

అట్లని క్రొత్తదంతయు మంచిదనియు, ప్రాతదంతయు మంచిదనియు నేను చెప్పుట లేదు. రెండు పెట్టెలయందును పాము దూరగలదు. ఇందులో నా తప్పు నేనే చెప్పుకొందును.

ఈ మనుమరాలు పుట్టినప్పుడు నా కుమార్తె పురిటికి మాయింట నుండెను. తిరునాళ్లలో ఒకడు రాతిసుర్మా అమ్ముచుండగా, శిశువు కన్నులు విశాలమగునని నమ్మి నేను కొని తెచ్చితిని. “వద్దు నాన్నా, డాక్టరమ్మ కన్నులకు ఏమియు పెట్టవద్దన్నది” అని కుమార్తె త్రోసిపుచ్చినది. మా తరములెల్ల గ్రుడ్డివారైరా యని నేను గర్జించి, రెండు దినములు దానితో మాటలాడలేదు. తరువాత తెలిసినది: అంగళ్లలో అమ్ము సుర్మాలలో పెక్కింటియందు ఉండునది సీసధాతువు. సీసము శిశువు నోటను కంటను పోయి రక్తమున చేరెనా, మెదడు ఎదుగుదలకే చేటు. ఆనాడు నా మాట నెగ్గియున్నచో ఈనాడు నాతో వాదించుటకు ఆ పిల్లకు అంత తెలివి యుండెడిదో లేదో! ఇంటిలో చేసిన కాటుకయైనను పసిబిడ్డ కంటిలో పెట్టవలదనియే నేటి వైద్యుల మాట. దిష్టిచుక్కయే కావలెనన్న అరికాలున పెట్టుడు.

పసుపు విషయమున సైతము జాగ్రత్త వలయును. కొమ్ములు మెరయుటకు సీసపు క్రోమేటు అను పచ్చరంగు పూయుచున్నారని 2019లో బంగ్లాదేశమున పరిశోధకులు వెల్లడించిరి. గ్లాసెడు నీటిలో చెంచాడు పసుపుపొడి వేసి కదలింపక ఉంచుడు. మంచిపొడి అడుగునకు దిగి పైనీరు లేతపసుపుగా నుండును. నీరంతయు చిక్కని పచ్చనయ్యెనా, రంగు కలిపిరని అనుమానింపవలెను. కాని సీసపు క్రోమేటు నీట కరగదు గనుక ఈ పరీక్షకు అది దొరకదు. కావున దుగ్గిరాల, నిజామాబాదు వంటి పసుపుసీమల కొమ్ములను తెలిసిన రైతునొద్ద కొని ఇంట దంచుకొనుట మేలు. ఎఱ్ఱగా జ్వలించు చౌకకుంకుమ నుదుట దురదపెట్టినచో, అది పసుపుబిడ్డ కాదని తెలిసికొని మానవలెను.

పెండ్లిండ్లలో గడియలో నల్లగా పండు గోరింటాకని యొకటి పెట్టుచున్నారు. గోరింటాకు ఎన్నడును నల్లగా పండదు. అందు తలవెండ్రుకలకు వేయు పారాఫెనిలీన్ డయమైన్ అను రసాయనము కలుపుదురు. మా బంధువులలో ఒక చిన్నదానికి పెండ్లినాటి రాత్రి చేతులు బొబ్బలెక్కినవి. లతలు లతలుగా చిత్రించిన చోటనే పుండ్లు పడి మచ్చలు మిగిలినవి. ఇక శరీరచ్ఛాయ తెల్లబరచెదమని అమ్ము లేపనములు కొన్నింటిలో పాదరసము కలుపుదురు. అది మూత్రపిండములను చెఱచును. మన దేశమున 1940నాటి మందుల, సౌందర్యద్రవ్యముల చట్టమును, 2020నాటి నియమములును కలవు. రంగుకొఱకు సీసము, పాషాణము కలుపరాదు. వాడు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 20 భాగములు మించరాదు. డబ్బాపై చేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, వాడవలసిన గడువు ఉండవలెను. ఇవి లేనిదానిని కొనవలదు. పిల్లలు తెచ్చినదానిపై ఇవి యున్నవా యని చూచుట పెద్దలకు తగిన పని. ఆ రంగు ఏలయని కోపించుట తగిన పని కాదు.

ఇంతవరకు వస్తువులమాట. ఇప్పుడు నా మనసును బాధించు మాట చెప్పి ముగించెదను.

నాకంటె ఏడేండ్లు పెద్దదగు అక్కగారు కలదు. 1979లో ఆమె భర్త జ్వరముతో గతించెను. ఆమెకు అప్పుడు 27 ఏండ్లు. నేను భాషాప్రవీణ ముగించుకొని క్రొత్తగా ఇంటికి వచ్చితిని. నాలుగు శ్లోకములు నోటికి వచ్చినవాడనని బంధువులు నా ముఖము చూచిరి. కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నేను దానిని పరీక్షలో వ్రాసి మార్కులు సంపాదించినవాడను. దాదాపు నూరేండ్ల తరువాత, నా యింటిలో, నా నోట ఏమి వచ్చినది? “ఆచారము ఆచారమే” అని. అంతటితో నిలువక, గూటిలోని భరిణెను నా చేతులతోనే తీసి అటకపై పెట్టితిని. మా తల్లి ఏడ్చినది. అక్క ఏడువలేదు. నావంక చూచి, లోపలికి పోయినది.

నాటినుండి ఆమె నుదురు బోడి. పేరంటమున ఆమె వంటయింట. ఆషాఢమున పిల్లలకు గోరింటాకు రుబ్బిపెట్టునది ఆమెయే, చేతులకు అంటకుండ గరిటెతో ఎత్తునదియు ఆమెయే. 45 ఏండ్లకు పైగా నేను దానిని చూచుచునే యుంటిని. చూచితిని గాని నాకు కనబడలేదు.

గడచిన ఆషాఢమున మనుమరాలు గోరింటాకు ముద్ద పట్టుకొని, “అమ్మమ్మా, చేయి చాపు” అని ఆమె ముందు కూర్చుండెను. అక్క చేయి ముందుకు రాలేదు. ఆమె తల యెత్తి, వసారాలోనున్న నావంక చూచెను. 73 ఏండ్ల ముసలిది, నన్ను ఎత్తుకొని పెంచినది, తన చేతికి ఆకు పెట్టుకొనుటకు తమ్ముని అనుమతికై చూచినది! ఆ చూపు నాకు పట్టరానిదయ్యెను.

నేను లేచి నిచ్చెన వేసి అటకపైనుండి భరిణె దించితిని. దుమ్ము తుడిచి ఆమె ముందు పెట్టి, “అక్కా, తప్పు చేసితిని. బొట్టు పెట్టుకొనుము” అంటిని.

ఆమె భరిణె మూత తీసి, ఖాళీ గదులను చూచి, మరల మూసెను. “అప్పుడు అన్నచో పెట్టుకొని యుందునురా తమ్ముడూ. ఇప్పుడు నా నుదురు నాకు అలవాటైనది” అనెను. కోపముతో అనలేదు. ధాన్యము కొలత చెప్పినట్లు చెప్పెను. పిమ్మట మనుమరాలివైపు తిరిగి రెండు చేతులును చాపెను.

మరునాడు ఆమె చేతులు మా యింట అందరికంటె ఎఱ్ఱగా పండినవి. వాటిని కొంగున దాచుకొనక, వసారాలో కూర్చుండి బియ్యము ఏరినది. అది నేను చూచితిని. ఈ పర్యాయము కనబడినది. అయినను నుదుటిబొట్టు రాలేదు, ఇక రాదు. నా క్షమాపణ ఆమెకు 45 ఏండ్లను తెచ్చి ఇయ్యజాలదు గదా!

పెద్దలారా! మీరు శాస్త్రము అడుగుదురేమో. నేను లోకమున కన్నులార చూచునది చెప్పెదను. ఆడుబిడ్డ పుట్టిన పదకొండవనాడు తల్లి దాని నుదుట బొట్టు పెట్టును. ఊయలలో నుండగనే కాళ్లకు పసుపు, జడ వచ్చినంతనే పూలు, ప్రతి ఆషాఢమున గోరింటాకు. ఇవి భర్త తెచ్చినవి కావు. భర్త తెచ్చినది మంగళసూత్రమును మట్టెలును. అతడు తేనిదానిని అతనితో పంపుట ఏ న్యాయము? ఇరువదేండ్లవాడనై యుండగా నాకు ఈ చిన్న తర్కము తోచలేదు. తర్కసంగ్రహము చదివినవాడనే!

కావున నా మనవి ఇది. మీ యింట కన్నెపిల్ల నీలిరేఖ దిద్దుకొని వచ్చినచో కనుబొమలు ముడివేయకుడు. డబ్బాపై గడువు చూచినదా యని యడుగుడు. మీ యింట, మీ వీథిలో బోడినుదుటి స్త్రీ యెవరైన ఉన్నచో, ఆమె మీవైపు చూచువరకు ఆగకుడు. ముందుగా మీరే అడుగుడు. ఆమె పెట్టుకొనవచ్చును, వలదనవచ్చును. అది ఆమె యిచ్ఛ. కాని అడుగుటలో ఆలస్యము చేయకుడు. ఆలస్యపు ఫలము ఎట్టిదో నేను చూచితిని.

భరిణె ఇప్పుడు మరల గూటిలోనున్నది. మొన్న చలికాలమున పసుపుకొమ్ములు తెచ్చి నిమ్మరసమున నానవేసితిమి. రోకలి మనుమరాలు పట్టినది, పాళ్లు అక్క చెప్పినది. జల్లించుట మాత్రము నా వంతు.